దత్తతకు దరఖాస్తు: నమోదు నుంచి జనన ధ్రువపత్రం దాకా

మేము దత్తతకు పేరు నమోదు చేసుకున్నామని చెప్పగానే మా అత్తగారు అడిగిన మొదటి మాట, "శిశువిహార్‌కెళ్లి ఒక బిడ్డను చూసుకుని తెచ్చుకోక, ఈ కంప్యూటర్లో పేరు రాయించుకోవడమేంటమ్మా?" అని. ఆవిడ తరంలో అలా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు మరి. 2015 ఆగస్టు నుంచి దత్తత నమోదంతా ఆన్‌లైన్‌లోకి వెళ్లింది. శిశుగృహ తలుపు తట్టి ఉయ్యాలల మధ్య నడుస్తూ బిడ్డను ఎంచుకోవడం ఇప్పుడు దేశంలో ఎక్కడా కుదరదు. కుదురుతుందని ఎవరైనా మీ చెవిలో చెప్తే అతను అబద్ధమైనా చెప్తున్నాడు, లేదా నేరంలోకైనా పిలుస్తున్నాడు.

ఈ దారిలో వెళ్లొచ్చాక నాకు అర్థమైంది ఒకటే. ఎంతకాలం ఎదురుచూస్తామన్నది చాలావరకు మొదటి వారంలోనే, ఆ ఫారంలో పెట్టే నాలుగు టిక్కులతోనే తేలిపోతుంది. అందుకే ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆఫీసు లాంఛనాలను త్వరగా దాటేస్తాను.

మీది ఏ దారో ముందు తేల్చుకోండి

పెంచుకోవడం అన్నా, తెలంగాణలో సాదుకునుడు అన్నా మన ఇళ్లలో ఒకటే మాట. చట్టం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది మూడు దారులుగా చీలిపోతుంది.

మొదటిది, అమ్మానాన్న లేని బిడ్డనో, ఎవరో వదిలేసిన బిడ్డనో, కన్నవాళ్లు బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించిన బిడ్డనో తీసుకోవడం. ఇది 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద, కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే అందరూ 'కారా' అనే సంస్థ, నడిపే పోర్టల్ ద్వారానే జరగాలి. మతంతో పని లేదు. ముస్లింలు, క్రైస్తవులు కూడా దత్తత తీసుకోవచ్చని 2014లోనే, దీనికి ముందున్న బాలల న్యాయ చట్టం మీద వచ్చిన షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది, బంధువుల బిడ్డ. తమ్ముడి కూతురినో, అక్క కొడుకునో పెంచుకోవడం మనకు కొత్త కాదు. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులు 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద ఈ పని చేసుకోవచ్చు. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. మీకు ఇప్పటికే కొడుకు గానీ కొడుకు కొడుకు గానీ ఉంటే మగబిడ్డను, కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉంటే ఆడబిడ్డను తీసుకోకూడదు. తండ్రి ఆడబిడ్డను తీసుకున్నా, తల్లి మగబిడ్డను తీసుకున్నా మధ్యలో 21 ఏళ్ల తేడా ఉండాలి. కన్నవాళ్లు ఇవ్వడం, మీరు తీసుకోవడం నిజంగా జరగాలి. దత్త హోమం తప్పనిసరి కాదు. దస్తావేజు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రేపు ఎవరైనా వారసత్వం మీద గొడవకొచ్చినా కోర్టు ముందు మీ పక్షాన నిలుస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముద్ర వేయించుకుంటే మాత్రం దత్తత అయినట్టు కాదు. పల్లెల్లో ఇప్పటికీ జరిగే పొరపాటు ఇదే, దాని ఫలితం బిడ్డ పెళ్లప్పుడో ఆస్తి పంపకాలప్పుడో బయటపడుతుంది. ఈ చట్టం మీకు వర్తించకపోతే పిన్నమ్మ, మేనమామ, అమ్మమ్మ లాంటి బంధువులు బాలల న్యాయ చట్టం కింద పోర్టల్ ద్వారానే బంధువుల దత్తతకు దరఖాస్తు చేయొచ్చు.

మూడోది ఫాస్టర్ కేర్, అంటే చట్టపరంగా మీ బిడ్డ కాకుండానే మీ ఇంట్లో పెరగడం. దాని సంగతి చివర్లో చెప్తాను. దత్తత కోసం వచ్చినవాళ్లు దాన్ని తొందర దారి అనుకుని అటు తిరుగుతున్నారు, అది సరికాదు.

వయసు కూడిక

అర్హతల జాబితా చిన్నదే. శరీరం, మనసు, సంపాదన బిడ్డను పెంచేలా ఉండాలి. ప్రాణాంతకమైన జబ్బు, నేరంలో శిక్ష ఉండకూడదు. దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు సవ్యంగా కలిసి ఉండాలి, ఇద్దరికీ ఇష్టముండాలి. పెళ్లి కానివారు, విడాకులు తీసుకున్నవారు, భర్త లేదా భార్య పోయినవారు కూడా అర్హులే. ఒంటరి స్త్రీ ఆడబిడ్డనైనా మగబిడ్డనైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడబిడ్డను ఇవ్వరు. సొంత పిల్లలున్నా అడ్డు లేదు, కాకపోతే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న దంపతులకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలను మాత్రమే చూపిస్తారు.

అసలు మెలిక వయసు దగ్గర ఉంది. భార్యాభర్తల వయసులు రెండూ కలుపుతారు. ఆ మొత్తం 85 దాటకపోతే రెండేళ్ల లోపు బిడ్డ, 90 దాటకపోతే రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ, 100 లోపైతే నాలుగు నుంచి ఎనిమిదేళ్లు, 110 లోపైతే ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్లు. ఒంటరివారికి ఈ హద్దులు వరసగా 40, 45, 50, 55. బిడ్డకూ మీకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

అర్హతకు లెక్క నమోదు తేదీ నాటి వయసే. ఇప్పుడొక కూడిక చేయండి. భర్తకు 43, భార్యకు 41 అయితే మొత్తం 84. ఇంకో ఏడాది ఆగుదాం, ఇంకోసారి ఐవీఎఫ్ చూద్దాం అనుకున్నారంటే వచ్చే ఏటికి ఆ మొత్తం 86 అవుతుంది, ఎందుకంటే ఏడాదికి ఇద్దరివీ కలిపి రెండేళ్లు పెరుగుతాయి. అంతటితో పసిబిడ్డ వరుస మూసుకుపోయినట్టే. చికిత్స మానేయమని నేను చెప్పను, అది మీ ఇద్దరి మధ్య మాట. దత్తతను చివరి మెట్టుగా దాచుకునేవాళ్లు ఈ కూడికను ఒకసారి కాగితం మీద వేసి చూసుకుంటే చాలు.

కాగితాలు: ముందు పోగేసి, తర్వాత నమోదు

చాలామంది ఉత్సాహం కొద్దీ రాత్రికి రాత్రి నమోదు చేసేసి తర్వాత కాగితాల వెంట పరిగెడతారు. నమోదు చేసిన 30 రోజుల్లో పత్రాలన్నీ ఎక్కించకపోతే మళ్లీ మొదటికి. పైగా వరుసలో మీ స్థానం పత్రాలన్నీ ఎక్కించి నమోదు పూర్తయిన రోజు నుంచే మొదలవుతుంది. కాబట్టి ముందు ఫైలు తయారు చేసుకోండి.

కుటుంబ ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, ఆధార్ లాంటి నివాస రుజువు, గత ఏడాది ఆదాయ రుజువు (జీతం స్లిప్పు, ఆదాయ పన్ను రిటర్ను, లేదా తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం), దీర్ఘకాలిక, అంటు, ప్రాణాంతక వ్యాధులేవీ లేవనీ దత్తతకు తగినవారనీ డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం లేదా విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరి ఉత్తరాలు. ఇంట్లో అయిదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా కావాలి.

మన దగ్గర ఆగిపోయేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి పెళ్లి ధ్రువపత్రం: గుళ్లోనో ఊళ్లోనో పెళ్లయి, శుభలేఖ తప్ప ఇంకేమీ లేనివాళ్లు ముందు వివాహ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. రెండోది పేరు: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరం, పదో తరగతి మెమోలో అసలు లేకుండా. ఇవన్నీ ఒకే తీరులోకి తెచ్చుకున్నాకే పోర్టల్ తెరవండి.

పోర్టల్ ప్రభుత్వానిది. చిరునామా 'గవ్ డాట్ ఇన్'తో ముగియాలి. దత్తత పేరుతో చూడచక్కని నకిలీ సైట్లు కూడా ఉంటాయి, ముందుగా డబ్బు అడిగేదేదీ అసలైనది కాదు. అక్కడ ఇచ్చే ఫోన్ నంబరు, ఈమెయిలు ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచుకోగలిగినవి అయ్యుండాలి. ఆఫీసు ఈమెయిలు ఇచ్చి, ఉద్యోగం మారి, బిడ్డ వివరాలు వచ్చిన సంగతే తెలియకపోతే ఎంత నష్టమో ఊహించుకోండి.

ఇంటర్నెట్‌తో ఇబ్బంది ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ఐసీడీఎస్ పీడీ కార్యాలయం అని, తెలంగాణలో జిల్లా సంక్షేమాధికారి కార్యాలయం అని అడిగితే దారి చూపిస్తారు. ఉచితంగా నమోదు చేసిపెడతారు.

నాలుగు టిక్కులు

ఫారంలో మీ గురించి రాయడం తేలికే. తర్వాత బిడ్డ గురించి అడుగుతుంది: ఆడా, మగా, ఎవరైనా ఫర్వాలేదా? ఏ వయసు? ఏ రాష్ట్రం నుంచి? ఆరోగ్యం ఎలా ఉండాలి? ఈ నాలుగింటి దగ్గరే మా ఇంట్లో మూడు రాత్రులు గడిచాయి.

ముందు పెద్ద బొమ్మ చూడండి. 2024-25లో కారా ద్వారా దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515, అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. వరుసలో నిలబడ్డ దంపతులు, ఒంటరివారు కలిపి 30 వేల పైమాటే. వీళ్లలో ఎక్కువమంది కోరేది ఒకటే: రెండేళ్ల లోపు, ఏ జబ్బూ లేని బిడ్డ. ఆ వరుసలో నిరీక్షణ మూడున్నరేళ్ల దాకా పోతోంది.

వయసు టిక్కు అన్నిటికంటే బలమైనది. ఆరేళ్ల పిల్లాడికి, తొమ్మిదేళ్ల పిల్లకు ఇల్లు దొరకడం కష్టం, అందుకే అక్కడ వరుస చిన్నది. కానీ పెద్దబిడ్డ జ్ఞాపకాలతో వస్తుంది. అయిదేళ్లు దాటితే ఆ బిడ్డ సమ్మతి కూడా అడుగుతారు. మీ ఇద్దరిలో ఒకరు సర్ది చెప్పుకుంటూ ఒప్పుకుంటున్నారా, మనస్ఫూర్తిగా అంటున్నారా అన్నది ఇక్కడే తేల్చుకోండి.

ఆడపిల్లా, మగపిల్లాడా అన్నది. దేశంలో ఏటా దత్తత వెళ్లేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. దీన్ని చూసి సమాజం మారిపోయిందని సంబరపడేవాళ్లున్నారు. వదిలేసే బిడ్డల్లో కూడా ఆడపిల్లలే ఎక్కువని వాళ్లు మర్చిపోతారు. 'ఎవరైనా ఫర్వాలేదు' అంటే రెండు వైపుల నుంచీ మీకు అవకాశం ఉంటుంది.

రాష్ట్రం. మా అమ్మ "తెలుగు బిడ్డే అయితే బాగుండు" అంది. భాష గురించి ఆ దిగులు అక్కర్లేదు. ఎనిమిది నెలల ఒడియా బిడ్డ మీ ఇంట్లో మొదట పలికే మాట 'అత్త'నో 'తాత'నో అవుతుంది. నాలుగేళ్లు దాటిన బిడ్డ విషయంలో మాత్రం భాష గట్టి కారణమే. రాత్రి ఏడుస్తూ ఏమడుగుతున్నాడో మీకు అర్థం కావాలి కదా. అందుకే పసిబిడ్డకైతే ఎక్కువ రాష్ట్రాలు, పెద్దబిడ్డకైతే మన రాష్ట్రాలు పెట్టుకోమని నా సలహా.

ఆరోగ్యం టిక్కు దగ్గర మాట ఒకటి. 'ప్రత్యేక అవసరాలు' అనగానే మంచం దిగలేని బిడ్డే కళ్ల ముందు కదులుతుంది. ఆ జాబితాలో గ్రహణమొర్రి ఉంటుంది, గుండెలో చిన్న రంధ్రం ఉంటుంది, ఒక చెవి వినపడకపోవడం ఉంటుంది. కొన్ని ఒక్క ఆపరేషన్‌తో సరిపోతాయి, కొన్ని జీవితాంతం ఉంటాయి. ఏది మీవల్ల అవుతుందో పిల్లల డాక్టరుతో కూర్చుని మాట్లాడుకున్నాకే ఆ గడి ముట్టుకోండి. త్వరగా వస్తుందని మాత్రం ఆ టిక్కు పెట్టకండి. అలా పెట్టి, బిడ్డ వచ్చాక చేతులెత్తేసి వెనక్కిచ్చిన ఇళ్లున్నాయి. ఆ బిడ్డను రెండోసారి వదిలేసినట్టు అవుతుంది.

ఇంటికొచ్చే సోషల్ వర్కర్

పత్రాలు ఎక్కించాక 60 రోజుల్లో హోమ్ స్టడీ, అంటే మీ ఇంటికొచ్చి మీతో మాట్లాడి నివేదిక రాయడం, పూర్తవ్వాలి. శిశుగృహ లాంటి ప్రత్యేక దత్తత సంస్థ నుంచో జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచో సోషల్ వర్కర్ వస్తారు. దీనికి రుసుము 6 వేల రూపాయలు, రసీదు తప్పకుండా తీసుకోండి. నివేదిక మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపు బిడ్డ రాకపోతే మళ్లీ సరిచూస్తారు.

ఆవిడ వస్తున్నారని మేము ఇల్లంతా కడిగాం, కొత్త దుప్పట్లు పరిచాం, జీడిపప్పు పకోడీలు వేశాం. ఆవిడ దుప్పట్ల వంక చూడలేదు. "పాపకు జ్వరమొస్తే మీ ఇద్దరిలో సెలవు పెట్టేది ఎవరు?" అన్నారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పటిదాకా ఆ మాటే అనుకోలేదు.

ఆవిడ అడిగేవి ఇలాంటివే. పిల్లలు లేరన్న బాధ నుంచి మీరు తేరుకున్నారా, లేక ఆ బాధకు మందుగా బిడ్డను అనుకుంటున్నారా? దత్తత అన్న సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్తారు? మీ అత్తమామలు ఏమంటున్నారు? అప్పులున్నాయా? మీ ఇద్దరికీ గొడవైతే ఎవరు ముందు మాట్లాడతారు? ఒంటరివారినైతే, మీకేమైనా అయితే బిడ్డను ఎవరు చూస్తారని గట్టిగా అడుగుతారు. అప్పటికే అన్నతోనో స్నేహితురాలితోనో మాట్లాడి పెట్టుకోండి.

సొంత ఇల్లు ఉండాలన్న నిబంధన లేదు. అద్దె ఇల్లు, ఒక్క పడకగది అడ్డు కావు. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను కూడా పలకరిస్తారు. మామగారు హాల్లో కూర్చుని "మా వంశం, మా గోత్రం" అని మొదలుపెడితే కంగారు పడకండి. ఇంట్లో అందరూ ఒకేలా మాట్లాడాలని ఆవిడ ఆశించరు, మీరు ఆయన్ని ఎలా ఎదుర్కొంటారో చూస్తారు. దాచి చెప్పడం మాత్రం వద్దు. పాత జబ్బు, మొదటి పెళ్లి, డిప్రెషన్‌కు వాడిన మందులు, ఇవేవీ వాటంతట అవే మిమ్మల్ని తప్పించవు. దాచినట్టు తెలిస్తే తప్పిస్తాయి. నివేదిక మీకు వ్యతిరేకంగా వస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, దాని మీద పైకి వెళ్లొచ్చు.

వరుసలో ఉన్నప్పుడు వచ్చే ఫోన్లు

నిరీక్షణలో రెండో ఏడాది కష్టం. మొదటి ఏడాది ఆశతో గడిచిపోతుంది. రెండో ఏట, ఒక సాయంత్రం, మాకు తెలిసినావిడ ఫోన్ చేసింది. ఒక నర్సింగ్ హోమ్‌లో పెళ్లికాని అమ్మాయికి బిడ్డ పుట్టబోతోందట, ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటే చాలట, జనన ధ్రువపత్రం నేరుగా మన పేరు మీదే రాయించి ఇస్తారట. మా ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. నేనూ పోలేదు. నిజం చెప్పాలంటే ఆశ పడ్డాం.

అది దత్తత కాదు, కొనుగోలు. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. అందులో ఆసుపత్రి సిబ్బంది ఉంటే వాళ్లకు మూడు నుంచి ఏడేళ్లు. కారా దారి తప్పించి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు. 2024 మేలో రాచకొండ పోలీసులు పసిపిల్లలను అమ్మే ముఠాను పట్టుకున్నప్పుడు, డబ్బిచ్చి తెచ్చుకుని పెంచుకుంటున్న ఇళ్ల నుంచి ఆ పిల్లలను తీసుకెళ్లారు. నెలల తరబడి ఒళ్లో పడుకోబెట్టుకున్న బిడ్డను పోలీసు జీపులో ఎక్కించుకుని పోతుంటే చూడాల్సి రావడం కంటే మూడున్నరేళ్లు ఆగడం నయం.

పిల్లలను వదిలించుకోవాలనుకునే తల్లి గురించి నిజంగానే తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఆమె గుట్టు బయటపడకుండా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించొచ్చు. ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువుంటుంది. ఎవరూ లేకుండా దొరికిన పసిబిడ్డ విషయంలో రెండు నెలల దాకా కన్నవాళ్ల కోసం వెతుకుతారు. ఆ తర్వాతే ఆ బిడ్డను చట్టపరంగా దత్తత ఇవ్వొచ్చని ప్రకటిస్తారు. మీకు ఆలస్యంలా కనిపించే ఆ రోజులు ఆ తల్లికి ఇచ్చిన వ్యవధి.

ఈ కాలంలో చేయదగ్గ పని ఒకటుంది. నమ్మకమైన పిల్లల డాక్టరును ఇప్పుడే చూసుకుని, "ఒకరోజు నేను కొన్ని రిపోర్టులు పంపిస్తాను, ఆ రోజే చూసి చెప్పాలి" అని మాట తీసుకోండి. ఎందుకో కిందనే తెలుస్తుంది.

48 గంటలు

ఒకరోజు మెసేజ్ వస్తుంది. పోర్టల్ తెరిస్తే ఒక ఫొటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక ఉంటాయి. 48 గంటల్లో ఆ బిడ్డను మీ పేరున రిజర్వు చేసుకోవాలి, లేదా వదిలేయాలి. ఇలా మూడు అవకాశాలు వస్తాయి. మూడూ వదులుకుంటే ఏడాది పాటు నమోదుకు వీలుండదు.

ఫొటో చూసి కరిగిపోవడమూ, ఫొటో చూసి వెనకడుగు వేయడమూ రెండూ జరుగుతాయి. శిశుగృహ ఫొటోల్లో పిల్లలకు గుండు ఉంటుంది, ముఖం బిగుసుకుని ఉంటుంది. అది పక్కనపెట్టి వైద్య నివేదికను మీ డాక్టరుకు పంపండి. పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, తల చుట్టుకొలత ఎలా పెరుగుతున్నాయో ఆయన చూస్తారు. రక్త పరీక్షల్లో హెచ్‌ఐవీ అన్న మాట కనపడగానే గుండె ఆగినంత పనవుతుంది. ఏడాదిన్నర లోపు బిడ్డలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపొచ్చు, పీసీఆర్ పరీక్షతోనే అసలు సంగతి తేలుతుంది. అలాంటివి తెలిసిన డాక్టరు పక్కనుంటే 48 గంటలు సరిపోతాయి.

రిజర్వు చేసుకున్నాక శిశుగృహకు అసలు పత్రాలతో వెళ్లాలి. అక్కడి దత్తత కమిటీ మీతో మాట్లాడుతుంది, మీరు బిడ్డను చూస్తారు, ఎత్తుకుంటారు. కావాలంటే మీకు నచ్చిన డాక్టరుతో మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. రిజర్వు చేసిన రోజు నుంచి 30 రోజుల్లో ఇదంతా ముగిసి మీరు ఒప్పుకోలు సంతకం పెట్టాలి. ఆ తర్వాత పది రోజుల్లో బిడ్డ మీ ఇంటికి వస్తుంది. కాగితాల్లో దీన్ని 'దత్తతకు ముందు ఫాస్టర్ కేర్' అంటారు, మొదట్లో చెప్పిన మూడో దారి వేరు.

డబ్బు సంగతి: హోమ్ స్టడీ రుసుము కాక, పిల్లల సంరక్షణ నిధికి కట్టాల్సిన మొత్తం, దత్తత తర్వాత సోషల్ వర్కర్ వచ్చి చూసే రుసుము దేశమంతటికీ ఒకటే. నిబంధనల షెడ్యూలు పోర్టల్లోనే ఉంటుంది, కట్టే రోజు ఒకసారి చూసుకోండి. విరాళం, ఫ్యాన్లు, బియ్యం బస్తాలు, ఏ పేరుతోనైనా పైసా ఎక్కువ అడిగితే ఇవ్వొద్దు.

వచ్చేటప్పుడు ఆయాను కూర్చోబెట్టి అడగాల్సినవి కొన్నున్నాయి. ఏ పాలపొడి, ఎన్ని చెంచాలు, ఏ వేళకు? ఎలా జోకొడితే పడుకుంటుంది? అక్కడ ఏ పేరుతో పిలుస్తారు? వాడిన దుప్పటిగుడ్డ ఒకటి ఉతకకుండా ఇమ్మనండి. ఆ వాసన ఒక్కటే ఆ బిడ్డకు మీ ఇంట్లో తెలిసిన వస్తువు.

కలెక్టరు ఉత్తర్వు, జనన ధ్రువపత్రం

పాత అనుభవాలు చదివితే కోర్టు, లాయరు అని కనిపిస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు, జిల్లా మెజిస్ట్రేటు హోదాలో. దరఖాస్తు వేసేది ప్రత్యేక దత్తత సంస్థే, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా కలెక్టరు దగ్గరికి వెళుతుంది. మీకు లాయరు అక్కర్లేదు. రెండు నెలల్లో ఉత్తర్వు రావాలి. కలెక్టరు మారడం, ఎన్నికలు, ఇంకేదో కారణంతో ఆలస్యమైతే సంస్థను వారానికోసారి మర్యాదగా అడుగుతూ ఉండండి.

ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కన్నవాళ్లతో చట్టపరమైన బంధం పూర్తిగా తెగిపోయి, ఆస్తి సహా అన్నిట్లో ఆ బిడ్డ మీ కడుపున పుట్టిన బిడ్డతో సమానం. దాని ఆధారంగా అయిదు పనిదినాల్లో తల్లిదండ్రులుగా మీ పేర్లతో జనన ధ్రువపత్రం ఇవ్వాలి. పేర్లలో అక్షరాలు అక్కడే, కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. ఆధార్, బడి, పాస్‌పోర్టు అన్నీ ఆ కాగితం మీదే నడుస్తాయి. తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూస్తారు. కష్టంగా ఉంటే ఆమెకే చెప్పండి, ఆమె వచ్చేది తప్పులు పట్టడానికి కాదు.

ఫాస్టర్ కేర్ సంగతి

ఆరేళ్లు దాటి, హోముల్లో ఏళ్ల తరబడి ఉంటూ, చూడటానికి ఎవరూ రాని పిల్లలు, అమ్మానాన్న ఉన్నా పెంచగలిగే స్థితిలో లేని పిల్లలు, వీళ్ల కోసం ఈ ఏర్పాటు. 2024లో మారిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లి కానివారు, భాగస్వామి లేనివారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఇక్కడా మగపిల్లలనే ఇస్తారు. ఒంటరివారికి వయసు 35 నిండి ఉండాలి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి, ఇల్లు చూసే అధ్యయనం ఇక్కడా ఉంటుంది, ఉత్తర్వు బాలల సంక్షేమ కమిటీది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద బిడ్డకు నెలకు 4 వేల రూపాయలు ఇస్తారు.

కన్నవాళ్లు కోలుకుంటే బిడ్డ వెనక్కి వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. కమిటీ వాళ్లు క్రమం తప్పకుండా వచ్చి చూస్తారు. మీ ఇంటిపేరు ఆ బిడ్డకు రాదు, మీ ఆస్తిలో వాటా పుట్టదు. ఆ బిడ్డను చట్టపరంగా దత్తత ఇవ్వొచ్చని ప్రకటించి, మీతో రెండేళ్లు ఉన్నాక దత్తత కోరవచ్చు. మునుపు ఇది అయిదేళ్లు ఉండేది. మీకు బిడ్డ కావాలి అనుకుంటే దత్తత వరుసలోనే నిలబడండి. ఒక బిడ్డకు కొన్నేళ్లు ఇల్లు కావాలి, అది మా ఇల్లు కావొచ్చు అనుకోగలిగితే ఇటు రండి. పిల్లలు పెద్దవాళ్లయి చదువులకెళ్లి, పైగది ఖాళీగా ఉన్న టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మన జిల్లాల్లో ఎంతమంది లేరు!

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు మాటలు

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లు భారత పౌరులైతే వరుసలో ఇక్కడివాళ్లతో సమానంగానే ఉంటారు, కాకపోతే హోమ్ స్టడీ ఆ దేశంలో గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారా జరగాలి. తరచూ జరిగే పొరపాటు ఇంకోటి: సెలవుల్లో వచ్చి, ఊళ్లో అన్న కూతుర్ని దత్తత దస్తావేజు రాయించుకుని, వీసా దగ్గర ఆగిపోవడం. బిడ్డ దేశం దాటాలంటే కారా నిరభ్యంతర పత్రం కావాలి. దస్తావేజు రాయించే ముందే, మీరున్న దేశపు నిబంధనలు కూడా కలిపి చూసుకోండి.

బిడ్డ వచ్చాక మొదటి నెల

బారసాలకు మూడు వందల మందిని పిలవకండి. చేతులు మారుతూ పెరిగిన బిడ్డకు మొదటి నెలలో కావాల్సింది అవే రెండు ముఖాలు, అదే ఒడి. అన్నం పెట్టడం, స్నానం, పడుకోబెట్టడం మీరిద్దరే చేయండి, అమ్మమ్మ నానమ్మల ముచ్చట రెండో నెలలో తీరుతుంది. కొందరు పిల్లలు రాత్రంతా ఏడుస్తారు. కొందరు అసలు ఏడవరు, ఏడిస్తే ఎవరైనా వస్తారన్నది వాళ్లకు తెలియదు. ఏడవని బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోవద్దు. మా పాప మొదటిసారి గట్టిగా గీపెట్టి ఏడ్చింది పందొమ్మిదో రోజున. ఆ రోజు మేము పాయసం చేసుకున్నాం.

"ఎవరి బిడ్డో", "ఏ కులమో" అని అడుగుతారు. మీ దగ్గరున్న ఆ కొద్ది వివరాలు, ఎక్కడ దొరికింది, ఎందుకు వదిలేశారు లాంటివి, బిడ్డవి. పెద్దమ్మకు కూడా చెప్పకండి. ఒకసారి బయటికెళ్తే బిడ్డ కంటే ముందు బడిలో పక్కపిల్లకు తెలుస్తుంది. బిడ్డకు మాత్రం మాటలు రాకముందు నుంచే, కథలా, "నిన్ను తెచ్చుకోవడానికి రైలెక్కి వచ్చాం" అని చెప్తూ ఉండండి. పదిహేనేళ్లకు కూర్చోబెట్టి చెప్పే రహస్యంగా మిగల్చకండి.

ఆ రైలు టికెట్టు, మొదటి ఫొటో, దుప్పటిగుడ్డ, బిడ్డ అధ్యయన నివేదిక ఒక కవర్లో పెట్టి బీరువాలో పొలం కాగితాల పక్కన దాచండి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి బిడ్డ సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకు ముందైతే మీతో కలిసి. ఆ రోజు ముందుగా అడిగేది ఆ కవరే.